అట్లాంటిక్ కెనడాకు కుటుంబంతో రావాలంటే: 18 లక్షల జాబ్ ఆఫర్ గురించి, దిగాక ఎదురయ్యే సంగతుల గురించి

ప్రశ్న క్లుప్తంగా ఇది. అడిగినాయన విజయవాడలో ఒక ప్రైవేటు కంపెనీ అకౌంటెంట్. భార్య బీఎస్సీ నర్సింగ్ చేసి కార్పొరేట్ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నారు. నాలుగేళ్ల పాప. 18 లక్షలు కడితే ఆయనకు న్యూ బ్రన్స్‌విక్‌లో పెట్రోల్ బంకు సూపర్‌వైజర్‌గా ఆఫర్ లెటర్ ఇప్పిస్తామని, ఏడాది తిరిగేసరికి పీఆర్ (శాశ్వత నివాస హోదా) చేతికొస్తుందని ఒక కన్సల్టెన్సీ చెబుతోందట. కట్టొచ్చా, అక్కడ బతుకు ఎలా ఉంటుంది, వస్తే ఏ నెలలో రావాలి అని అడుగుతున్నారు.

కట్టకండి. ఈ ప్రాంతానికి నిజంగా కావలసిన మనిషి మీ ఇంట్లోనే ఉన్నారు, మీ ఆవిడ. ఫైలు ఆవిడ పేరు మీద నడపండి. మీరూ పాపా ఆవిడ వెనక రండి. దానికి 18 లక్షలు అక్కర్లేదు. చదివి పరీక్షలు రాసే ఓపిక, కాస్త టైమ్ కావాలి.

నేను హాలిఫాక్స్‌లో ఉంటాను, పేరోల్ పని చేస్తాను. విదేశాల నుంచి మనుషుల్ని తెచ్చుకునే ఎంప్లాయర్ల జీతాల లెక్కలు నా చేతుల మీదుగా వెళ్తుంటాయి. కొత్తగా దిగిన మనవాళ్లు జీతం స్లిప్పు పట్టుకొచ్చి ఇదేంటని అడుగుతుంటారు. కాబట్టి నేను చెప్పేది ఎక్కువగా డబ్బు వైపు నుంచే ఉంటుంది. నేను ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని కాను. ఫైలు వేసేముందు రూల్స్ ఐఆర్‌సీసీ (కెనడా ఇమ్మిగ్రేషన్ శాఖ) వెబ్‌సైట్‌లో మీ కళ్లతో చదువుకోండి, అవి తరచూ మారుతున్నాయి.

అట్లాంటిక్ కెనడా అంటే నోవా స్కోషియా, న్యూ బ్రన్స్‌విక్, ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్, న్యూఫౌండ్‌లాండ్ అండ్ లాబ్రడార్. 2021 జనాభా లెక్కల్లో ఈ నాలుగు ప్రావిన్సులూ కలిపి 24 లక్షల పైచిలుకు మనుషులు. ఇక్కడి కుర్రాళ్లు ఏళ్ల తరబడి టొరంటోకో అల్బర్టాకో పోతూ వచ్చారు, ఊళ్లలో పెద్దవాళ్లు మిగిలారు. అందుకే 2017లో పైలట్‌గా మొదలుపెట్టి 2022లో శాశ్వతం చేసిన పథకమే అట్లాంటిక్ ఇమ్మిగ్రేషన్ ప్రోగ్రామ్. మీ కన్సల్టెన్సీ చెబుతున్నది దీని గురించే.

ఈ పథకంలో అన్నీ ఎంప్లాయర్ చుట్టూ తిరుగుతాయి. ప్రావిన్సు ఆమోదించిన ఎంప్లాయర్, అంటే డిజిగ్నేటెడ్ ఎంప్లాయర్, మీకు ఫుల్‌టైమ్ ఆఫర్ ఇవ్వాలి. సీజన్ ఉద్యోగం పనికిరాదు. గత ఐదేళ్లలో 1,560 గంటల పని అనుభవం చూపించాలి. ఎక్కువ ఉద్యోగాలకు ఇంగ్లీషులో సీఎల్‌బీ (భాష ఎంత వచ్చో కొలిచే కెనడా స్కేలు) 5 కావాలి. ఐఈఎల్‌టీఎస్ జనరల్‌లో అయితే రీడింగ్‌కు 4, మిగతా మూడింటికీ 5 వస్తే సరిపోతుంది. పీటీఈ (ఇదీ ఇంగ్లీషు పరీక్షే) రాస్తే మాత్రం 'కోర్' రాయండి, యూనివర్సిటీల కోసం రాసే అకడమిక్ ఇక్కడ చెల్లదు. డిగ్రీలకు ఈసీఏ రిపోర్టు, అంటే మన డిగ్రీ కెనడాలో దేనికి సమానమో చెప్పే రిపోర్టు, తెప్పించుకోవాలి. ఆ తర్వాత ఒక సెటిల్‌మెంట్ సంస్థ మీతో మాట్లాడి సెటిల్‌మెంట్ ప్లాన్ రాసిస్తుంది. నోవా స్కోషియాలో ఆ పని 'ఐసాన్స్' అనే సంస్థ చేస్తుంది, పైసా తీసుకోదు. ఈ ప్లాన్ రాయించినందుకంటూ బిల్లులో విడిగా లక్ష వేసిన కన్సల్టెన్సీని నేను చూశాను. చివరికి ప్రావిన్సు ఎండార్స్‌మెంట్ (ఆమోదపత్రం) ఇస్తే, దాంతో పీఆర్‌కు అప్లై చేస్తారు.

డిజిగ్నేటెడ్ ఎంప్లాయర్ల జాబితాను ప్రావిన్సులే బయటపెడతాయి, ఎవరైనా చూడొచ్చు. "మా దగ్గర లిస్టు ఉంది" అని కన్సల్టెన్సీ వాళ్లు రహస్యంగా చెప్పేది తరచూ ఈ జాబితానే. అందులో పేరున్నంత మాత్రాన అక్కడ ఖాళీ ఉందని కాదు.

ఇక 18 లక్షల సంగతి. ఉద్యోగం ఇప్పించినందుకు పనివాడి దగ్గర డబ్బు తీసుకోవడం ఇక్కడ నేరం. అది వాళ్ల తలనొప్పి, మనకేంటి అనుకుంటారేమో. మీ మీదికి వచ్చేది వేరే ఉంది. మీరు అకౌంటెంట్, ఆఫర్ బంకు సూపర్‌వైజర్‌కి. రేపు "రిటైల్‌లో చేసినట్టు ఎక్స్‌పీరియన్స్ లెటర్ మేమే చేయిస్తాం" అంటారు. అది పట్టుబడితే మిస్‌రిప్రజెంటేషన్ కింద ఐదేళ్లు కెనడా గడప తొక్కనివ్వరు. ఆ ఫైల్లో మీ ఆవిడ పేరు కూడా ఉంటుంది, అంటే ఉన్న మంచి దారి కూడా మూసుకుపోతుంది.

అది గట్టెక్కిందనే అనుకుందాం. మీకొచ్చే వర్క్ పర్మిట్ ఆ ఒక్క ఎంప్లాయర్‌కే కట్టుబడి ఉంటుంది. పీఆర్ వచ్చేదాకా ఆయన అవునంటే అవును, కాదంటే కాదు. ఇలా వచ్చిన ఒకాయన తన స్లిప్పు నాకు చూపించారు. వారానికి 40 గంటలు, గంట రేటు సరిగ్గా ఉంది, సీపీపీ (పెన్షన్), ఈఐ (నిరుద్యోగ బీమా), ఇన్‌కమ్ ట్యాక్స్ కోతలు పద్ధతిగా ఉన్నాయి. కాగితం మీద వేలెత్తి చూపడానికి లేదు. జీతం పడిన మర్నాడు బ్యాంకు స్టేట్‌మెంట్‌లో మాత్రం ఏటీఎం నుంచి నగదు తీసిన ఎంట్రీ, రెండు వారాలకోసారి, ప్రతిసారీ ఒకే మొత్తం. అడిగితే చాలాసేపు నోరు విప్పలేదు. ఓనర్‌కు తిరిగి ఇస్తున్నారు. చేతిలో మిగలని జీతానికి ట్యాక్స్ కూడా ఈయనే కడుతున్నట్టు లెక్క. ఇలాంటి చోట చిక్కుకున్నవాళ్లకు, వేధింపు రుజువు చేస్తే, ఎక్కడైనా పనిచేసుకునే ఓపెన్ వర్క్ పర్మిట్ 2019 నుంచి ఇస్తున్నారు. కానీ డబ్బు కట్టి వచ్చినవాళ్లు భయంతో దాని జోలికే పోరు.

"ఏడాదిలో పీఆర్" అన్న మాటనూ నమ్మకండి. కెనడా 2025కి 5 లక్షల పీఆర్‌లు అనుకున్నది, 2024 అక్టోబర్‌లో 3,95,000కు తగ్గించుకుంది. ప్రావిన్సుల కోటాలు తెగిపోయాయి. ప్రిన్స్ ఎడ్వర్డ్ ఐలాండ్ అంతకు ముందే, 2024 మొదట్లోనే, నామినేషన్లను (పీఆర్ కోసం ప్రావిన్సు చేసే సిఫార్సులను) పాతిక శాతం తగ్గించి, సేల్స్, సర్వీస్ ఉద్యోగాలను వెనక్కి నెట్టింది. ఆ మేలో దాని రాజధాని షార్లెట్‌టౌన్‌లో మన దేశపు కుర్రాళ్లు టెంట్లు వేసుకుని ధర్నా చేశారు. సీట్లు తగ్గినప్పుడు ప్రావిన్సు ముందు ఎవరిని తీసుకుంటుందో ఊహించడం కష్టం కాదు. నర్సులు, ఇళ్లు కట్టేవాళ్లు, పిల్లల్ని చూసేవాళ్లు. బంకు సూపర్‌వైజర్ వంతు చివర్లో వస్తుంది, వస్తే.

మీ ఆవిడకున్న దారులు. నోవా స్కోషియా నర్సింగ్ కాలేజ్ (ఇది చదువు చెప్పే కాలేజీ కాదు, లైసెన్సు ఇచ్చే సంస్థ) 2023లో ఏడు దేశాల్లో రిజిస్టరైన నర్సులకు దగ్గరి దారి తెరిచింది. అందులో ఇండియా ఉంది. మన నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ సరిగ్గా ఉండి, ఇంగ్లీషు రుజువు చూపి, ఎన్‌క్లెక్స్ (నర్సుల లైసెన్సు పరీక్ష) పాసైతే లైసెన్సు వైపు చాలా దూరం వచ్చినట్టే. ఎన్‌క్లెక్స్ హైదరాబాద్‌లోనే రాయొచ్చు. ఒక జాగ్రత్త, లైసెన్సుకు అడిగే ఇంగ్లీషు స్కోరు ఇమ్మిగ్రేషన్‌కు అడిగేదానికంటే బాగా ఎక్కువ. రెండూ ఒకటే అనుకుని ఒకసారి రాసి ఊరుకోవద్దు.

రెండో దారి, లైసెన్సు రాకముందే వృద్ధాశ్రమాల్లో కేర్ అసిస్టెంట్‌గా రావడం. మామూలుగా అట్లాంటిక్ పథకంలో అనుభవం ఉన్న స్థాయికి తగ్గ ఆఫర్ ఉండాలి. నర్సులకు ఇందులో మినహాయింపు ఇచ్చారు. రిజిస్టర్డ్ నర్సు అనుభవంతో నర్స్ ఎయిడ్ ఉద్యోగానికి రావొచ్చు. దారి మంచిదే, కానీ ఇందులో ఒక ఊబి ఉంది. ఖమ్మం వైపు అమ్మాయి ఒకరు ఇలాగే వచ్చారు, ఎన్‌క్లెక్స్ ఇక్కడికొచ్చి రాద్దామనుకుని. ఎనభై కిలోల మనిషిని మంచం మీద పక్కకు తిప్పి, స్నానం చేయించి, రాత్రి షిఫ్టు దిగి ఇంటికొచ్చాక పుస్తకం తెరిస్తే రెండు పేజీలకే నిద్ర. పైగా ఓవర్‌టైమ్ డబ్బు రుచి మరిగాక సెలవు పెట్టబుద్ధి కాదు. ఆవిడ లైసెన్సు ఏళ్ల తరబడి వెనక్కి పోయింది. మీ ఆవిడ ఎన్‌క్లెక్స్ అక్కడే పాసై విమానం ఎక్కాలి. ఈ సమాధానంలో ఒక్క ముక్కే గుర్తుపెట్టుకుంటానంటే ఇది పెట్టుకోండి.

మీ వంతుకొస్తే, భార్యకో భర్తకో ఓపెన్ వర్క్ పర్మిట్ ఇచ్చే రూల్స్ 2025 జనవరిలో బిగించారు. ఆవిడ వర్క్ పర్మిట్ మీద ముందు వస్తే మీకు దానంతట అదే పర్మిట్ వస్తుందనుకోవద్దు, ఆవిడకొచ్చే ఉద్యోగం స్థాయిని బట్టి ఉంటుంది. మీ అనుభవం అకౌంట్స్‌లో కాబట్టి ఇక్కడ మొదటి ఉద్యోగం బుక్‌కీపింగ్‌లోనో పేరోల్‌లోనో దొరకొచ్చు, అకౌంటెంట్ అన్న పేరుతో మాత్రం కష్టం. జీఎస్టీ, టీడీఎస్ తెలిసిన బుర్రకు ఇక్కడి హెచ్‌ఎస్‌టీ (అమ్మకపు పన్ను), సీపీపీ పట్టుబడటానికి ఎక్కువ రోజులు పట్టదు. క్విక్‌బుక్స్ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ నేర్చుకుని రండి. నేషనల్ పేరోల్ ఇన్‌స్టిట్యూట్ కోర్సులు ఆన్‌లైన్‌లో ఉన్నాయి, హెచ్‌ఆర్ వాళ్లు రెజ్యూమెలో ఆ పేరును గుర్తుపడతారు.

ఏ ఊరు. ప్రావిన్సు కంటే ఊరు చూసుకోవడం ముఖ్యం. హాలిఫాక్స్ అయితే బస్సులుంటాయి, డార్ట్‌మౌత్‌కు ఫెర్రీ ఉంటుంది, మన సరుకుల షాపులుంటాయి, అద్దెలూ మండుతుంటాయి. న్యూ బ్రన్స్‌విక్‌లోని మాంక్టన్‌లో ఫ్రెంచి వినపడుతుంది. న్యూ బ్రన్స్‌విక్ దేశంలో అధికారికంగా రెండు భాషలున్న ఒకే ఒక్క ప్రావిన్సు, అక్కడ కౌంటర్ ఉద్యోగాలకు కూడా ఫ్రెంచి వస్తే మేలు. సెయింట్ జాన్స్ న్యూఫౌండ్‌లాండ్‌లో, సెయింట్ జాన్ న్యూ బ్రన్స్‌విక్‌లో. ఆఫర్ లెటర్‌లో ఏది ఉందో రెండుసార్లు చూసుకోండి. నోవా స్కోషియాలోని కేప్ బ్రెటన్‌లో సిడ్నీ కూడా ఉంది, ఆస్ట్రేలియా టికెట్ అనుకుని అక్కడ దిగిన టూరిస్టులు నిజంగానే ఉన్నారు. చిన్న ఊళ్లలో మనుషులు మంచివాళ్లు, పలకరిస్తారు, మంచు తవ్విపెడతారు. కానీ కారు లేకపోతే పాల ప్యాకెట్టు కూడా తెచ్చుకోలేరు. వృద్ధాశ్రమాల ఖాళీలు ఎక్కువగా ఉండేదీ అలాంటి ఊళ్లలోనే.

ఇల్లు. కొత్తవాళ్లు మోసపోయేది ఎక్కువగా ఇక్కడే. నోవా స్కోషియాలో సెక్యూరిటీ డిపాజిట్ సగం నెల అద్దెకు మించకూడదు. ఇండియా నుంచే మూడు నెలల అద్దె పంపితే తాళాలిస్తామనే ఫేస్‌బుక్ ప్రకటనల్లో ఇల్లు ఉండొచ్చు, ఓనర్ మాత్రం వాడు అయ్యుండడు. ఇంటిని చూడకుండా డబ్బు పంపొద్దు. ముందు కొన్ని వారాలకు గది తీసుకుని, దిగాక వెతకండి. అద్దె పెంపు మీద నోవా స్కోషియాలో ఏడాదికి 5 శాతం పరిమితి 2027 చివరిదాకా ఉంది. కానీ ఓనర్లు ఫిక్స్‌డ్ టర్మ్ (ఫలానా తేదీతో ముగిసే) లీజు రాయించి, గడువు తీరగానే ఖాళీ చేయించి, కొత్తవాళ్లకు పెంచి ఇస్తారు. లీజు మీద ఆ మాట ఉందేమో చూసుకోండి.

అద్దె కంటే ముందు అడగాల్సిన ప్రశ్న "హీట్ కలిపేనా?" అని. ఇక్కడి పాత ఇళ్లు చాలావాటికి ఆయిల్ ఫర్నేస్. ఇంటి పక్కనో బేస్‌మెంట్‌లోనో ట్యాంకు ఉంటుంది, లారీ వచ్చి నింపి పోతుంది, చలికాలంలో ఒక్కసారి నింపించిన బిల్లు చూస్తే చలి ఆ కాగితంలోంచే వస్తుంది. హీట్ పంపు (కరెంటుతో నడిచే హీటర్) ఉన్న ఇల్లయితే ఖర్చు బాగా తగ్గుతుంది. అద్దె రెండొందల డాలర్లు తక్కువని ఆయిల్ ఇంట్లో చేరినవాళ్లు ఫిబ్రవరికల్లా లెక్క తిరగేసుకుంటారు.

డాక్టర్ సంగతి. హెల్త్ కార్డు (నోవా స్కోషియాలో ఎంఎస్‌ఐ) ఉంటే డాక్టర్‌కు, ఆసుపత్రికి డబ్బు కట్టనక్కర్లేదు. కానీ కార్డు చేతికి రావడం వేరు, ఫ్యామిలీ డాక్టర్ దొరకడం వేరు. దిగిన వారమే ప్రావిన్సు రిజిస్ట్రీలో ముగ్గురి పేర్లూ ఎక్కించండి. లైను పొడుగ్గా ఉంటుంది. ఈలోగా 811కు ఫోన్ చేస్తే నర్సు మాట్లాడుతుంది, చిన్నాచితకా వాటికి ఫార్మసీ క్లినిక్‌లున్నాయి. పెద్దవాళ్ల పంటి వైద్యం, కళ్లద్దాలు, మందులు ఆ కార్డులో రావు. అందుకే ఆఫర్ లెటర్‌లో జీతం ఎంతో చూసినట్టే గ్రూప్ ఇన్సూరెన్స్ ఉందో లేదో చూడండి. పంటి పనులన్నీ విజయవాడలోనే పూర్తి చేసుకోండి.

కారుకు ఇండియా లైసెన్సు నేరుగా మార్చరు. రాత పరీక్ష, రోడ్డు టెస్టు తప్పవు. ఆర్టీవో నుంచి లైసెన్సు వివరాల కాగితం, ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి క్లెయిములు లేవన్న ఉత్తరం తెచ్చుకోండి. ఒప్పుకుంటే లాభం, ఒప్పుకోకపోయినా పోయేదేం లేదు. సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు అడుగు భాగం చూడకుండా కొనొద్దు. రోడ్ల మీద చల్లే ఉప్పుకు ఇక్కడి కార్లు కింద నుంచి తుప్పు పడతాయి. పైన మెరుస్తూనే ఉంటుంది, కింద స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే రేకు పొరలుగా రాలుతుంది.

చలి విషయంలో మీరు విన్నది సగమే నిజం. హాలిఫాక్స్‌లో, కెనడా మధ్యలో ఉన్న విన్నిపెగ్ అంత చలి ఉండదు. ఇక్కడి ఇబ్బంది గాలి, తడి, అర్ధరాత్రి వానగా మొదలై తెల్లారేసరికి గాజులా గడ్డకట్టే ఫ్రీజింగ్ రెయిన్. 2020 జనవరి 17న సెయింట్ జాన్స్‌లో ఒక్క రోజులో 76 సెంటీమీటర్ల మంచు పడి, ఊరు ఎనిమిది రోజులు ఎమర్జెన్సీలో ఉంది. 2022 సెప్టెంబర్‌లో ఫియోనా తుపాను వచ్చినప్పుడు చాలా ఇళ్లకు రోజుల తరబడి కరెంటు లేదు. కృష్ణా జిల్లావాళ్లకు తుపాను కొత్త కాదు గానీ, ఇక్కడ కరెంటు పోతే హీటింగ్ కూడా పోతుంది. తుపాను హెచ్చరిక రాగానే ఇక్కడివాళ్లు షాపులకు పరిగెత్తి ముందు చిప్స్ ప్యాకెట్లు కొంటారు, వాటిని 'స్టార్మ్ చిప్స్' అనే అంటారు. మీరు బ్యాటరీ లైట్లు, తాగునీళ్లు కూడా కొనండి. జాకెట్లు, బూట్లు ఇండియాలో కొనొద్దు, అక్కడ దొరికేవి ఇక్కడి చలికి ఆగవు.

డబ్బు లెక్కలు రెండు మూడే. నోవా స్కోషియాలో కనీస వేతనం 2025 అక్టోబర్‌లో గంటకు 16.50 డాలర్లయింది. కొనే వస్తువుల మీద హెచ్‌ఎస్‌టీ 14 శాతం, మిగతా మూడు ప్రావిన్సుల్లో 15. జీతంలో సీపీపీకి 5.95 శాతం, దానితో పాటు ఈఐ, ట్యాక్స్ పోతాయి, కాబట్టి ఆఫర్‌లో ఉన్న అంకెను రూపాయల్లోకి మార్చి మురిసిపోవద్దు. ఆదాయం లేకపోయినా ఏప్రిల్ 30 లోపు ట్యాక్స్ రిటర్న్ వేయండి, పాప పేరు మీద వచ్చే చైల్డ్ బెనిఫిట్ దాని మీదే ఆధారపడుతుంది. పీఆర్‌గా దిగితే దానికి వెంటనే అప్లై చేయొచ్చు, వర్క్ పర్మిట్ మీద వస్తే 18 నెలలు ఆగాలి. నోవా స్కోషియా స్కూళ్లలో నాలుగేళ్ల పిల్లలకు ప్రీ-ప్రైమరీ ఉచితం. ప్రైవేటు డేకేర్ ఖర్చుతో పోలిస్తే మీకది పెద్ద ఊరట.

పీఆర్ రాగానే టొరంటో పోవచ్చా అని మీరు అడగలేదు గానీ అందరూ అడుగుతారు. పీఆర్ ఉన్నవాళ్లు ఏ ప్రావిన్సులోనైనా ఉండొచ్చు, అది చట్టం ఇచ్చిన హక్కు. కానీ అప్లై చేసేటప్పుడు ఇక్కడ ఉండే ఉద్దేశంతోనే చేయాలి. రాకముందే అక్కడికి పోయే ప్లాన్లు వాట్సాప్ గ్రూపుల్లో రాసుకోవడం తెలివైన పని కాదు.

ఏ నెల అంటారా, మే చివర్లోనో జూన్‌లోనో దిగండి. ఇల్లు వెతకడానికి, రోడ్డు టెస్టు ఇవ్వడానికి పొడి రోడ్లుంటాయి. సెప్టెంబర్‌లో బడి మొదలయ్యేలోపు పాపకు అడ్రసు రుజువు, టీకాల కార్డు చూపించి పేరు రాయించే టైమ్ ఉంటుంది. ఎంప్లాయర్ జనవరిలోనే చేరాలంటే ముందు ఆవిడ ఒక్కరే వచ్చి, మీరూ పాపా జూన్‌లో రావడం నయం. అలా అయితే ఆవిడ అద్దె గది ఆసుపత్రికి నడిచి వెళ్లేంత దగ్గర్లో ఉండేలా చూడండి.